నైరుతి మూల పన్నెండు ఇళ్ళు

1983 ఏప్రిల్ 18, సోమవారం

పన్నెండు కుటుంబాల ఇళ్ళ స్థలాలను కొబ్బరికాయల దొరబాబుగారు చెరువు చేశారు. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా చేశారు. ఈ వాక్యం కింద రెండు గీతలు గీస్తున్నాను. పాళీ విరిగినా సరే.

(విరిగింది. పెన్సిలుతో రాస్తున్నాను.)

మొత్తం వివరంగా రాసిపెట్టుకోవాలి. రేపు ఈ కోపం చల్లారితే మళ్ళీ రగిలించుకోవడానికి పనికొస్తుంది.

మా ఊళ్ళో ఎవరు కొత్తగా ఇళ్ళ స్థలాలు వేసినా పదింట ఒకటి ఇల్లు లేనివాళ్ళకి వదలాలని మునిసిపాలిటీవారు రెండేళ్ళ కిందట షరతు పెట్టారు. దొరబాబుగారు తన కొబ్బరితోట కొట్టించి నూట ఇరవై ప్లాట్లు వేశారు. షరతు ప్రకారం చివరి పన్నెండు, నూటతొమ్మిది నుంచి నూట ఇరవై దాకా, బీదవాళ్ళవి. ఫిబ్రవరిలో పేర్లు చదివి పట్టాలు పంచారు. నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సులో ట్రెడిల్ అచ్చుమిషను తొక్కే అబ్బులు ఉన్నాడు కదా, వాళ్ళ అమ్మ రామలక్ష్మికి నూటపద్నాలుగు వచ్చింది. వాళ్ళు కాలవగట్టు మీద పాకలో ఉంటారు. గట్టు బలపరచాలి, జూన్ పదో తారీఖుకల్లా పాకలన్నీ తీసెయ్యాలి అని నోటీసు అంటించి వెళ్ళారు. అంటే ఆలోగా నూటపద్నాలుగులో వాళ్ళ పాక లేవాలి. లేకపోతే వానల్లో బస్టాండే.

ఇవాళ రామలక్ష్మి పసుపూ కుంకుమా పట్టుకుని స్థలం చూసుకోవడానికి వెళ్ళింది. స్థలం లేదు. కోనసీమలో పల్లపు తోటని ఇళ్ళకి పనికొచ్చేలా మెరక చెయ్యాలంటే మట్టి ఎక్కణ్ణుంచో ఒకచోటు నుంచి రావాలి. దొరబాబుగారు ఆ పన్నెండు ప్లాట్లలో మనిషిలోతు తవ్వించి, ఆ మట్టితో మిగతా నూట ఎనిమిదీ రోడ్డుకన్నా ఎత్తు చేయించారు. తవ్విన మర్నాటికే ఊటనీళ్ళు. వారానికి కప్పలు. ఇప్పుడు గేదెలు.

"నూటపద్నాలుగు ఎక్కడ బాబూ?" అని రామలక్ష్మి కాపలావాణ్ణి అడిగిందట.

"అదుగోనండి, ఆ కొమ్మిరిగిన గేదె ఉంది చూసేరా, దాని పక్కన."

అబ్బులు ఇది చెప్పి నవ్వాడు. నేను నవ్వలేదు. (ఇంటికొచ్చాక నవ్వాను. తప్పు.)

ఇంకో సంగతి రాయకుండా వదిలేద్దామనుకున్నాను. ఆ ప్లాట్ల కరపత్రం అచ్చయింది మా ప్రెస్సులోనే. ప్రూఫు చూసింది నేనే. "స్థలములన్నియు మెరక చేయబడినవి" అనే వాక్యం నా కళ్ళముందు నుంచే వెళ్ళింది. చివర చుక్క లేకపోతే పెట్టాను. మట్టి ఎక్కడిదని అడగలేదు.

ఏప్రిల్ 19, మంగళవారం

కోపం చల్లారలేదు. నిరాహారంగా ఉండి తీరాలనుకున్నాను. అమ్మ పనసపొట్టు కూర చేసింది. రేపట్నుంచి.

ఏప్రిల్ 20

ఇవాళ గుత్తివంకాయ. శత్రువు ఇంట్లోనే ఉంది.

ఏప్రిల్ 21, గురువారం

దొరబాబుగారి కొట్టుకి ఒక్కదాన్నే వెళ్ళాను. మెడదాకా కొబ్బరికాయల రాశి, దాని వెనకాల ఆయన, ఆయన వెనకాల లక్ష్మీదేవి పటం.

"రండమ్మా, రండి. నాన్నగారు సిద్ధాంతిగారు కులాసాయేనా? ఒరేయ్, అమ్మాయిగారికి బోండాం కొట్టండ్రా."

కూర్చోలేదు. నిలబడే మాట్లాడాను. ప్రెస్సులో వేస్టు కాయితాల గది ఉంది. మూడేళ్ళుగా అందులో మిగిలిపోయిన కరపత్రాలూ చిన్న పుస్తకాలూ ఒక్కటి వదలకుండా చదివాను. అవన్నీ ఇవాళ నోటికొచ్చాయి. "గూడు మనిషి జన్మహక్కు" అన్నాను. ఆయన "ఆయ్" అన్నారు. "ఇది పచ్చి దోపిడీ" అన్నాను. "ఆయ్" అన్నారు. ఎదురుచెప్పేవాడితో పోట్లాడగలం గాని, ఆయ్ అనేవాణ్ణి ఏం చేస్తాం?

అంతా అయ్యాక నెమ్మదిగా అన్నారు: "పన్నెండు స్థలాలివ్వమన్నారు, ఇచ్చేనండి. ఇంత పొడుగు, ఇంత వెడల్పు అన్నారు, ఉంచేనండి. లోతు గురించి షరతులో ఏవన్నా ఉందాండీ? చదువుకున్నోరు, మీరే చూసి చెప్పండి."

షరతు కాయితం నా చేతిలోనే ఉంది. చూశాను. లోతు గురించి లేదు.

బోండాం చల్లగా ఉంది. తాగాను. లేతకొబ్బరి కూడా తిన్నాను. ఉద్యమంలో నా మొదటి తప్పుగా దీన్ని నమోదు చేస్తున్నాను.

ఏప్రిల్ 23, శనివారం

మునిసిపల్ ఆఫీసుకి అర్జీ రాశాను. ఏడు పేజీలు. నేనే కంటతడి పెట్టుకున్నాను. అబ్బులుకి చదివి వినిపించాను.

"బాగుందండి అమ్మాయిగారూ. ఆరు పేజీలు ప్రపంచం గురించండి. మా గొయ్యి ఏడో పేజీలో వచ్చిందండి."

"ప్రపంచం అర్థం కాకపోతే గొయ్యి ఎలా అర్థమవుతుంది?"

"ఆయ్. అయితే వాళ్ళు ఆరో పేజీ దాకా చదువుతారాండీ?"

గొయ్యిని మొదటి పేజీకి తెచ్చాను. ప్రపంచాన్ని కూడా వదల్లేదు, వెనకాల ఉంచాను.

ఇంకొక నిర్ణయం. మనుషులంతా సమానమని అచ్చేస్తూ, చదువుతూ, అబ్బులుని "నువ్వు" అనడం ఏమిటి? ఇవాళ్టినుంచి "మీరు" అన్నాను. అతను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మూడోసారి, "అలా అనకండి. నా వెనకాల ఎవరో పెద్దాయనొచ్చి నిలబడ్డారనుకుంటున్నానండి" అన్నాడు.

మానను.

ఏప్రిల్ 29, శుక్రవారం

ఆఫీసు నుంచి కొలతలాయన వచ్చాడు! అర్జీకి ఫలితం! నేనూ అబ్బులూ పరుగెత్తుకుంటూ వెళ్ళాం.

ఆయన టేపు తీశాడు, గొయ్యి వంక చూశాడు, "అవతలి గట్టు దాకా టేపు పట్టుకెళ్ళేదెవరు?" అన్నాడు. అబ్బులు చొక్కా విప్పి, టేపు కొస పళ్ళ మధ్య పెట్టుకుని, నీళ్ళలో దూకి ఈదుకుంటూ వెళ్ళాడు. గేదెలు దారి ఇచ్చాయి. పన్నెండు ప్లాట్లకీ పన్నెండుసార్లు. నూటపద్నాలుగు దగ్గర నీళ్ళలో ఆగి, "ఇది మా వంటిల్లండీ!" అని అరిచాడు.

కొలతలాయన పుస్తకంలో రాసుకున్నాడు: విస్తీర్ణం సరిపోయినది.

"నీళ్ళలో ఇల్లెలా కడతారండీ?" అన్నాను.

"నాది కొలవడం వరకేనమ్మా. నే కొలిచినదాంట్లో తప్పుంటే చెప్పు."

తప్పు లేదు. అంగుళం తేడా లేదు. ఇంతకన్నా సరైన కొలతలున్న చెరువు ఈ తాలూకాలో లేదు.

అబ్బులు ఈత బాగా కొడతాడు. ఇది సమాచారం మాత్రమే.

ఏప్రిల్ 30, శనివారం

మా ప్రెస్సు యజమాని కొండబాబుగారు కేకలేశారు. నిన్న పని మానేసి గొయ్యి దగ్గరికి వెళ్ళినందుకు కాదు. ఒక పెళ్ళి శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు తప్పుగా ఉందని నాకై నేను దిద్దేశాను. తప్పు కాదట, వాళ్ళ తాతగారి పేరే అదట.

"అమ్మాయ్, మన ప్రెస్సులో ఒకటే శాసనం. ఎవరి పేరు అచ్చులో పడుతుందో వాళ్ళకి ప్రూఫు చూపించాలి. వాళ్ళు దిద్ది సంతకం పెట్టాలి. సంతకం పెట్టేక అందులో రావణాసురుడని ఉన్నా సరే, మనం అదే వెయ్యాలి. ఒక్క అక్షరం మనది కాదు."

మనసంతా గొయ్యి మీద ఉంది. ఆయ్ అన్నాను. (దొరబాబుగారి ఆయ్ ఎంత సుఖమో అర్థమైంది.)

మే 5, గురువారం

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా వీధి అరుగు మీద దొరబాబుగారు! పక్కన అరటిగెల! నాన్నగారు పంచాంగం ముందేసుకుని కూర్చున్నారు.

సంగతేమిటంటే, ప్లాట్లు కొన్నవాళ్ళు కొందరు శంకుస్థాపనలు చేస్తామంటున్నారు. ముహూర్తం గౌరీశంకరం సిద్ధాంతిగారే పెట్టాలంటున్నారు. అల్లవరం నుంచి కొత్తపేట దాకా మా నాన్నగారి మాట మీద ఇళ్ళు లేస్తాయి. నా మాట మీద ఇంతవరకు గేదె కూడా లేవలేదు.

"మీ పేరు ఒక్కటి కొత్త కాయితంలో వేయించుకుంటే చాలండి" అన్నారు దొరబాబుగారు.

"చూడకుండా ఏం చెప్పనండీ? ఆదివారం వచ్చి చూస్తాను."

ఆయన గుమ్మం దిగగానే నేను మొదలుపెట్టాను. "దోచుకున్న మట్టి మీద అక్షింతలు వేస్తారా నాన్నగారూ? మీ మంత్రాలు అందుకేనా?"

అమ్మ వంటింట్లోంచి, "దాని పుస్తకాలకి అగ్గిపెట్టె దూరంగా పెట్టండి. వాటంతటవే అంటుకునేలా ఉన్నాయి" అంది.

నాన్నగారు పంచాంగం మూసి, "చూడనిదాని మీద అక్షింతలూ వెయ్యను, రాళ్ళూ వెయ్యను" అన్నారు.

రాళ్ళు అన్నది నాకు తగిలింది. అరటిపళ్ళు తినలేదు. ఇవి మాత్రం నిజంగా తినలేదు.

మే 8, ఆదివారం

నాన్నగారితో నేనూ వెళ్ళాను. గొడుగు, దిక్సూచి, నేను.

మెరక ప్లాట్లన్నీ నడిచి చూశారు. గొయ్యి దగ్గర ఆగారు. దిక్సూచి అరచేతిలో పెట్టుకుని ముల్లు నిలిచేదాకా చూశారు. పక్కన నేను రామలక్ష్మి గురించీ, జూన్ పది గురించీ, పన్నెండు సంసారాల గురించీ చెబుతూనే ఉన్నాను. గొంతు పూడుకుపోయింది. చివరికి నోరు విప్పారు.

"నైరుతి."

"ఏమిటి?"

"ఈ గొయ్యి మొత్తం స్థలానికి నైరుతి మూల ఉంది. నైరుతిలో గొయ్యి, అందులో నీళ్ళు. ఇంతకన్నా చెడ్డది శాస్త్రంలో లేదు. ఇక్కడ నేను ముహూర్తం పెట్టను."

నేను ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు. అడిగాను: "ఇదే గొయ్యి ఈశాన్యంలో ఉంటే?"

ఆలోచించారు. నాన్నగారికి అబద్ధం రాదు. "పెట్టేవాణ్ణే" అన్నారు.

దారి పొడుగునా ఆయనతో మాట్లాడలేదు. రాత్రి పెరుగన్నం కూడా మాట్లాడకుండానే తిన్నాను. పన్నెండు కొంపలు మునిగితే కదలని మనిషి దిక్సూచి ముల్లు కదిలితే కదిలాడు! మూఢనమ్మకం భుజమెక్కి వచ్చే న్యాయం నాకొద్దు. ఇది ఎక్కడా వాడను. వాడను, వాడను.

మే 10, మంగళవారం

ఈ నైరుతి సంగతి వేళాకోళంగా అబ్బులుకి చెప్పాను. అతను నవ్వలేదు. "ఒకసారి మా అమ్మతో చెప్పండి" అన్నాడు.

కాలవగట్టు మీద రామలక్ష్మి కొబ్బరిపీచు తాడు పేనుతోంది. నేను చెప్పినంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. విని, "సిద్ధాంతిగారు చెప్పింది అబద్ధవాండీ?" అంది.

"నా లెక్కలో అబద్ధమే."

"ఆయన లెక్కలోనండీ?"

"ఆయనకి నిజమే."

"మరింకేటండీ. ఆయన నిజం ఆయన చెప్తారు, మీ నిజం మీరు చెప్పండి. గొయ్యి పూడేదాకా రెండూ ఒకే బండిలో కూకుంటాయి. పూడేక దిగి కొట్టుకోండి."

"అది కాదు రామలక్ష్మీ, సిద్ధాంతపరంగా—"

"మాకు కావల్సింది మట్టండి అమ్మాయిగారూ."

తాడు మూరెడు పెరిగింది. నేను లేచి వచ్చేశాను.

మే 11

కుదరదు.

మే 12

కుదరదని నిన్న రాశాను. ఎందుకు కుదరదో రాయలేదు.

మే 13

ఎందుకంటే, సాధనం చెడ్డదైతే ఫలితం కూడా చెడ్డదవుతుందని చిన్న పుస్తకంలో ఉంది. ఇంకో చిన్న పుస్తకంలో అలా ఏమీ కాదని ఉంది. రెండూ మా ప్రెస్సులోనే అచ్చయ్యాయి.

జూన్ పదికి ఇరవై ఎనిమిది రోజులు. అబ్బులు ఇవాళ పాక తాటాకులు విప్పి కట్టలు కట్టడం మొదలుపెట్టాడట. ఎక్కడ పెట్టుకోవాలో తెలియదట.

మే 16, సోమవారం

నేనేమీ చెయ్యలేదు. ముందుగా అది రాసుకోవాలి. నేను మా ప్రెస్సు శాసనం పాటించాను, అంతే.

జరిగింది ఇది. పొద్దున్న కొండబాబుగారు కాయితం కొనడానికి రాజమండ్రి వెళ్తూ ఒక ప్రతి నా బల్ల మీద పడేశారు. దొరబాబుగారి కొత్త కరపత్రం. "రేపు తెల్లారేసరికి రెండు వేలు కావాలిట. కంపోజు చేయించి, ప్రూఫు చూసి, అబ్బులు చేత వేయించెయ్." ఆయన బస్సెక్కాక చదివాను. మధ్యలో పెద్ద అక్షరాల్లో: బ్రహ్మశ్రీ గౌరీశంకరం సిద్ధాంతిగారు స్వయముగా పరిశీలించి ఆమోదించిన స్థలములు!

నా చెవులు వేడెక్కాయి. అబ్బులు నా మొహం చూసి మిషను ఆపేశాడు.

"అబ్బులూ, ఎవరి పేరు అచ్చులో పడుతుందో వాళ్ళకి...?"

"ప్రూఫు చూపించాలండి" అన్నాడు. ఆ వెంటనే, "ఎండగా ఉంది, గొడుగు పట్టుకెళ్ళండి" అన్నాడు.

కంపోజు చేయించి, ప్రూఫు పట్టుకెళ్ళేసరికి నాన్నగారు భోంచేసి వాలు కుర్చీలో ఉన్నారు. వారంరోజుల తర్వాత నోరు విప్పాను: "ప్రూఫండి." అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఒట్టు.

చదివారు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివారు. నాన్నగారికి కోపం రావడం నేను చూడలేదు ఇంతవరకు. అది ఎలా వస్తుందంటే, నెమ్మదిగా లేచి కూర్చుంటారు, కుడిచెవి వెనక గోక్కుంటారు.

"నేననని మాట నా పేరు మీద అనేశారే!"

"మీరు దిద్దితే దిద్దినట్టే వేస్తారండి. ప్రెస్సు శాసనం."

ఇది మాత్రం అన్నాను. అనకపోతే ఆయనకి తెలియదు కదా.

ఆమోదించిన అన్నది కొట్టేశారు. తన ముత్యాల్లాంటి అక్షరాలతో పక్కన రాశారు: "స్వయముగా పరిశీలించితిని. నైరుతి దిక్కున పన్నెండు స్థలముల మేర నీటి గొయ్యి ఉన్నది. అవి నిరుపేదలకు పట్టాలిచ్చిన ఇండ్ల స్థలములు. అది పూడ్చువరకు ఇచ్చట ఏ ఇంటికీ ముహూర్తము లేదు." సంతకం చేశారు. తేదీ వేశారు.

నిరుపేదల సంగతి శాస్త్రంలో లేదు. అది నేను గొయ్యి గట్టున గొంతు పోయేలా చెప్పిన సంగతి. విన్నారన్నమాట! విననట్టు కనబడుతూ విన్నారు!

ప్రెస్సు దాకా పరుగెత్తాను. గొడుగు ఇంట్లోనే మరిచిపోయాను. అబ్బులు ప్రూఫు చదివి, పైకి చూసి, "సంతకం ఉందాండీ?" అన్నాడు.

"ఉంది!"

"ఒక్క అక్షరం మనది కాదు" అన్నాడు, అచ్చం కొండబాబుగారి గొంతుతో. మిషనెక్కాడు. రెండు వేలూ తొక్కాడు. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

మే 18, బుధవారం

నవ్వి నవ్వి డొక్కలు పట్టేశాయి.

నిన్న తెల్లవారగానే దొరబాబుగారి మనుషులు కట్టలు పట్టుకుపోయారు. విప్పి చదివినవాడు ఒక్కడు లేడు. పేపర్లలో పెట్టారు, బస్టాండులో పంచారు, ముక్తేశ్వరం బస్సు కిటికీల్లోంచి విసిరారు. అది చాలక మైకు పేతురుకి ఒకటిచ్చారు. పేతురు రిక్షాలో కూర్చుని ఏదిస్తే అది చదువుతాడు, సినిమా అయినా సంతాపమైనా ఒకే రాగం. దొరబాబుగారి కొట్టు ముందే మొదలెట్టాడు:

"రండి! చూడండి! కొనండి! దొరబాబుగారి కొత్త ఇళ్ళ స్థలాలు! బ్రహ్మశ్రీ గౌరీశంకరం సిద్ధాంతిగారు స్వయంగా పరిశీలించేరు! నైరుతి దిక్కున! నీటి గొయ్యి ఉన్నదహో!"

దొరబాబుగారు కొబ్బరికాయల రాశి మీంచి దాటబోయి జారారట. పేతురు ఆగలేదు. ఊరంతా మూడు చుట్లు తిరిగాడు. డబ్బులు మూడు చుట్లకి ఇచ్చారట మరి.

మధ్యాహ్నానికి ప్లాట్లు కొన్నవాళ్ళు కొట్టు దగ్గర చేరారు. అల్లవరం నుంచి ఒకాయన: "మా అబ్బాయి మస్కట్‌లో ఎండలో మాడి పంపిన డబ్బండీ! నైరుతిలో నుయ్యి తవ్వి పెడతారా వాడికి?" ఇంకొకాయన: "అందుకేనండీ, కొన్నకాణ్ణుంచి మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు!" దొరబాబుగారు అందరికీ ఆయ్ అన్నారు. ఆయ్ పనిచెయ్యలేదు!

ఒక్కడంటే ఒక్కడు పన్నెండు కుటుంబాల మాట ఎత్తలేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి. దీని గురించి మండిపడాలి. రేపు మండిపడతాను.

కొండబాబుగారు తిరిగొచ్చి ప్రూఫు చూశారు. సంతకం చూశారు. నన్ను చూశారు. "నా శాసనం నా మెడకే చుట్టేవు గదే" అన్నారు. ఉద్యోగం ఉన్నట్టే ఉంది.

మే 22, ఆదివారం

ఇవాళ్టి సంభాషణ ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను. దొరబాబుగారు మా అరుగు మీద. గెల లేదు. నేను తలుపు వెనకాల.

"ఏం చేస్తే ముహూర్తం పెడతారండీ?"

"పూడిస్తే."

"శాంతేవన్నా చేయిస్తేనండీ? ఎంత పెద్ద శాంతైనా సరేనండి."

"గొయ్యికి శాంతి మట్టేనండి దొరబాబుగారూ. దానికి వేరే మంత్రం లేదు."

"ఆయ్. రోడ్డు మట్టానికి పూడిస్తే సరిపోతుందాండీ?"

నాన్నగారు పుస్తకం తెరిచారు. "నైరుతి అన్నిటికన్నా ఎత్తుగా ఉండాలి. మిగతా ప్లాట్ల మీద జానెడు ఎత్తు చేయించండి."

"ఆయ్." ఇది చిన్న ఆయ్. "అంత మట్టి ఎక్కణ్ణుంచి తేనండీ?"

పేజీ తిప్పారు. "ఈశాన్యం పల్లంగా ఉంటే మంచిది. నీరుంటే మరీ మంచిది."

ఈశాన్యం మూల మొత్తం దొరబాబుగారు తన మేడకి అట్టేపెట్టుకున్నారు. ముగ్గుతో గీతలు కూడా గీయించారు, ఎక్కడ హాలు, ఎక్కడ పూజగది అని.

ఈసారి ఆయ్ రాలేదు. చాలాసేపు రాలేదు. చివరికి, పాపం, వచ్చింది.

ఆయన వెళ్ళాక నేను తలుపు వెనకనుంచి వచ్చాను. "నాన్నగారూ, ఇదంతా నిజంగా పుస్తకంలో ఉందా?"

"ఉంది. చూసుకో."

చూశాను. ఉంది.

"ఏ పేజీ ముందు తియ్యాలన్నది మాత్రం పుస్తకంలో ఉండదు" అని లేచి సంధ్యావందనానికి వెళ్ళిపోయారు.

మూఢనమ్మకాలను నేను ఇప్పటికీ ఖండిస్తున్నాను. ఖండిస్తూనే, అమ్మ వేసిన పెసరట్లు ఐదు తిన్నాను.

మే 30, సోమవారం

నీళ్ళు తోడేశారు. మూడు రోజులు ఆయిలింజను కొట్టింది. అడుగున జెల్లచేపలు దొరికితే పన్నెండు కుటుంబాలూ పంచుకున్నాయి. నూటపద్నాలుగులో ఎక్కువ దొరికాయని అబ్బులు గొప్ప.

కాని మట్టి కదలడం లేదు. "ట్రాక్టర్లు దొరకట్లేదండి, కూలీలు ఊడ్పులకి పోతారండి, మృగశిర వెళ్ళేక చూద్దావండి" అంటున్నారు దొరబాబుగారు. మృగశిరకి ఎనిమిది రోజులు. ఒక్క వాన పడితే మళ్ళీ చెరువు. ఊరు నైరుతి మాట మరిచిపోయేదాకా ఆగుదామని ఆయన ఎత్తు.

జూన్ పది దగ్గరికొచ్చింది. రామలక్ష్మి పాకకి ఇప్పుడు మూడు గోడలే.

జూన్ 1, బుధవారం

మండిపడతానని వాయిదా వేసుకున్నది ఇవాళ మండిపడ్డాను. దాంతోపాటు ఒక ఆలోచన వచ్చింది!

మట్టి మొయ్యడానికి దొరబాబుగారు ఎందుకు? గొయ్యి పూడాలని కోరుకునేవాళ్ళు పన్నెండు కుటుంబాలే కాదు. నూట ఎనిమిది ప్లాట్లవాళ్ళూ కోరుకుంటున్నారు! పూడితే గాని వాళ్ళకి ముహూర్తాలు లేవు! అల్లవరం ఆయనా, మోకాళ్ళ ఆవిడా, అందరూ! అందరూ తలా తట్ట పడితే నాలుగు రోజుల పని!

అబ్బులుతో చెప్పాను. "మేడలు కట్టేవోళ్ళు మా పాకకి మట్టి మోస్తారాండీ?" అన్నాడు.

"నైరుతికి మోస్తారు. నైరుతిలో ఉన్నది మీరు!"

అతను ట్రెడిల్ చక్రం పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. కొండబాబుగారు వచ్చి ఇద్దర్నీ చూసి వెళ్ళిపోయారు.

రామలక్ష్మి చెప్పిన బండిలో ఎక్కేశాను. పూడేక దిగి కొట్టుకుంటాను.

జూన్ 3, శుక్రవారం

కరపత్రం నేనే రాశాను. ఒక్క పేజీ. ప్రపంచం లేదు.

ఆదివారం ఆరింటికి అని రాశాను. నాన్నగారి పేరు ఉంది కాబట్టి ప్రూఫు ఆయనకి చూపించాను. పంచాంగం తీశారు. ఆరూ పద్దెనిమిది అని రాశారు. ఆరింటికీ ఆరూ పద్దెనిమిదికీ సూర్యుడు ఏం మారిపోతాడని వాదించబోయి, ఊరుకున్నాను. పాక వేసుకునేవాళ్ళకి ముహూర్తం పెట్టమని ఇంతవరకు ఎవరూ ఆయన్ని అడగలేదు. అడగకుండానే పెట్టారు.

ఆయన ఇంకొక్కటే దిద్దారు. "మొదటి తట్ట రామలక్ష్మి వేయును" అని నేను రాస్తే, రామలక్ష్మి తర్వాత గుర్తు పెట్టి, పైన చిన్నగా "గారు" అని చేర్చారు.

చూసి సిగ్గుతో చచ్చిపోయాను. కొడుకుని మీరు అంటూ ఇన్నాళ్ళు ఊరేగాను. తల్లిని మరిచాను.

సంతకం పెట్టిన ప్రూఫు అబ్బులు చేతికిచ్చాను. చదివాడు. గారు దగ్గర ఆగాడు. మిషనెక్కాడు. తర్వాత, "ఎన్ని వెయ్యమంటారు, త్రిపురగారూ?" అన్నాడు.

అమ్మాయిగారు అనలేదు. సమాచారం మాత్రమే.

తడి ఆరని మొదటి ప్రతి ఇక్కడ అంటిస్తున్నాను.

*నూట ఇరవై ప్లాట్ల వారందరికీ!*

*నైరుతి మూల పన్నెండు ఇండ్ల స్థలములను మనమే పూడ్చుకొందాము. మట్టి ఈశాన్యమున ఉన్నది. ట్రాక్టర్ల కొరకు ఎదురుచూడవద్దు. వాన మన కొరకు ఆగదు.*

*ఇంటికి ఒక్కరు చొప్పున, పార గాని, గునపము గాని, తట్ట గాని తెచ్చుకొనవలెను. ఏమీ లేనివారు చేతులు తెచ్చుకొనవలెను. దొరబాబుగారు బోండాలు ఇత్తురు. (అడుగుదుము.)*

*గౌరీశంకరం సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తమునకు మొదటి తట్ట నూటపద్నాలుగో నంబరు రామలక్ష్మిగారు వేయుదురు. రెండవది సిద్ధాంతిగారు. తరువాత ఎవరు ముందు వస్తే వారు.*

*జూన్ 5, ఆదివారం. ఉదయం ఆరు గంటలకల్లా నైరుతి గట్టున చేరండి. ఆరూ పద్దెనిమిదికి మట్టి పడుతుంది.*